సంక్రాంతికి ఊరొదిలి కంఠీరవకు: బాస్కెట్‌బాల్ కోసం బెంగళూరులో నాలుగు రాత్రులు

పండక్కి బెంగళూరు నుంచి అనంతపురం వచ్చే బస్సులన్నీ కిటకిటలాడుతుంటే నేను ఎక్కిన బెంగళూరు బస్సులో సగం సీట్లు ఖాళీ. 2023 జనవరి అది. అందరూ ఊరికి వస్తున్నారు, నేను ఊరొదిలి పోతున్నాను. "పండగ పూట బంతాట చూసేకి పోతావా" అని అమ్మ రెండు రోజులు ముభావంగా ఉంది. కానీ మన దేశంలో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ మళ్లీ ఒకటి మొదలై, దాని ఆఖరి రౌండు మా ఊరికి నాలుగైదు గంటల దూరంలో, బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరుగుతుంటే ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. డిగ్రీ మూడేళ్లూ సిమెంటు కోర్టు మీద మోకాళ్లు చెక్కుకుపోయేదాకా ఆడినవాణ్ణి.

లీగ్ పేరు ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్, అందరూ ఐఎన్‌బీఎల్ అంటారు. జట్టుకు ఐదుగురు ఆడే మామూలు బాస్కెట్‌బాల్‌లో ఆ లీగ్‌కు అదే తొలి సీజన్. 2022 అక్టోబరులో కొచ్చిలో మొదలై జైపూర్, పుణె తిరిగి బెంగళూరు చేరింది. చెన్నై హీట్, బెంగళూరు కింగ్స్, ఢిల్లీ డ్రిబ్లర్స్, ముంబై టైటాన్స్, చండీగఢ్ వారియర్స్, కొచ్చి టైగర్స్ అని ఆరు జట్లు. ఐపీఎల్‌లో లాగా ఎవరి ఊర్లో వాళ్లు ఆడటం కాదు, ఆరు జట్లూ కలిసి ఒక ఊరికి వచ్చి, కొన్ని రోజులు అక్కడే వరసగా ఆడేసి, మళ్లీ ఇంకో ఊరికి పోతాయి. నాలాగా బయటి ఊరి నుంచి వచ్చేవాడికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు, ఒక్కసారి రూము తీసుకుంటే చాలు, జట్లన్నీ మన కళ్ల ముందే ఆడతాయి. కానీ చండీగఢ్‌లో ఉండే అభిమాని సంగతి చూడండి, సీజన్ మొత్తం మీద తన జట్టు తన ఊర్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. వాడికి ఆ జట్టు మీద ప్రేమ ఎక్కణ్ణుంచి పుడుతుంది? ఇది నన్ను ఆ ఐదు రోజులూ తొలుస్తూనే ఉంది.

మన తెలుగువాళ్లకైతే అసలు జట్టే లేదు. అంతకుముందు 2015లో మొదలైన యూబీఏ (యునైటెడ్ బాస్కెట్‌బాల్ అలయన్స్) లీగ్‌లో హైదరాబాద్ స్కై అని ఉండేది, ఆ లీగ్ 2017 తర్వాత ఆగిపోయింది, దాంతో పాటే ఆ జట్టూ పోయింది. అందుకని నేను బెంగళూరు కింగ్స్ వైపు ఉండాలని బస్సులోనే అనుకున్నా. అనంతపురం వాళ్లకు ఆసుపత్రికైనా పెళ్లి బట్టలకైనా హైదరాబాద్ కంటే బెంగళూరే దగ్గర, ఆ లెక్కన అదీ మా ఊరి జట్టే.

ఇప్పుడు బస సంగతి. ఇందులో నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదని కాస్త వివరంగా రాస్తున్నా. మొదటి రాత్రి మారతహళ్లిలో మా చిన్నాన్న కొడుకు ఉండే పీజీలో దిగాను. పీజీ అంతా మన తెలుగు పిల్లలే, రాత్రి పప్పుచారు, ఆమ్లెట్, పక్క మంచం వాడు పండక్కి ఊరెళ్లాడు కాబట్టి మంచం కూడా దొరికింది. పైసా ఖర్చు లేదు. కానీ మర్నాడు 335ఈ బస్సు ఎక్కి స్టేడియానికి దగ్గర్లోని కార్పొరేషన్ స్టాపులో దిగేసరికి దాదాపు గంటన్నర పట్టింది, హెచ్‌ఏఎల్ రోడ్డు మీద బస్సు నడిచిన సేపటికంటే నిలబడిన సేపే ఎక్కువ. మొదటి మ్యాచ్ సగం అయిపోయాక లోపలికి వెళ్లాను. ఇంకా పెద్ద బాధ రాత్రి ఆట ముగిశాక, ఆటోవాళ్లు మారతహళ్లి అనగానే తల అడ్డంగా ఊపేవాళ్లు. అప్పటికి పర్పుల్ లైన్ మెట్రో తూర్పు వైపు బైయప్పనహళ్లితో ఆగిపోయేది, అదే ఏడాది వైట్‌ఫీల్డ్ దాకా కలిపారు కాబట్టి ఇప్పుడు అటువైపు ఉండేవాళ్లకు కొంచెం నయం. కబ్బన్ పార్క్ స్టేషన్లో దిగి పార్కు గుండా పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే స్టేడియం వస్తుంది, ఆ చెట్ల కింద నడక పగటిపూట చాలా హాయి.

రెండో రాత్రికి మెజెస్టిక్‌లో ఒక లాడ్జి ఆన్‌లైన్లో బుక్ చేశాను. ఫోటోల్లో చూపించిన గది వేరు, అక్కడ ఇస్తామన్న గది వేరు, కిటికీ లేదు, గోడంతా చెమ్మ. పైగా కౌంటర్లో మనిషి, ఆన్‌లైన్ రేటు చెల్లదు, ఇంకో ఐదు వందలు కట్టమన్నాడు. రాత్రి పదిన్నరకు భుజాన బ్యాగుతో ఎవరితోనైనా ఎంతసేపని వాదిస్తాం? కట్టేశా. తెల్లారి ఏడింటికే ఖాళీ చేశా. మెజెస్టిక్‌లో దిగాలనుకుంటే ముందు నేరుగా వెళ్లి గది చూసుకుని, తర్వాతే డబ్బులు కట్టండి.

మూడో రోజు నుంచి నాకు సుఖం మొదలైంది. స్టేడియం వెనక సంపంగిరామనగర్‌లో ఒక చిన్న లాడ్జి దొరికింది, రోజుకు పద్నాలుగు వందలు, వేడినీళ్లు ఉదయం మాత్రమే, టీవీ పాతది, దుప్పటి మాత్రం శుభ్రంగా ఉతికింది. యజమాని పెద్దాయన మదనపల్లి వైపు మనిషి, నా ఆధార్ చూడగానే తెలుగులోకి దిగాడు. "ఆట చూసేదానికి అనంతపురం నుంచి వచ్చినావా నాయనా" అని రెండుసార్లు అడిగాడు. అక్కడి నుంచి కోర్టుకు నడక పది నిమిషాలు. రెండు మ్యాచ్‌ల మధ్య వచ్చి స్నానం చేసి, ఒక కునుకు తీసి మళ్లీ వెళ్లొచ్చు. క్వార్టర్‌కు పది నిమిషాలే అయినా, టైమవుట్లు, ఫౌళ్లు, విరామం అన్నీ కలుపుకుంటే ఒక్కో మ్యాచ్ దాదాపు రెండు గంటలు పడుతుంది, ఆ మధ్య సమయం ఎంత విలువైందో దూరంగా ఉండి వచ్చేవాళ్లకే తెలుస్తుంది. పెద్దాయనే చెప్పాడు, ఇదంతా ఒకప్పుడు సంపంగి చెరువట. దాన్ని ఎండగట్టి ఆ నేల మీదే స్టేడియం కట్టారు, బెంగళూరులో ఏటా జరిగే కరగ అనే అమ్మవారి ఉత్సవం కోసం ఒక చిన్న కుంట మాత్రం మిగిల్చారు. మర్నాడు పొద్దున వెళ్లి ఆ కుంట చూసొచ్చాను.

తిండికి లోటు లేదు. రెసిడెన్సీ రోడ్డులో నాగార్జునలో అరిటాకు వేసి, పప్పు, పొడి, నెయ్యి, గోంగూర వడ్డిస్తుంటే పండగ రోజు ఇంట్లో లేనన్న బాధ కొంచెం తగ్గింది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వెళ్తే చాలాసేపు నిలబడాలి, పన్నెండున్నరకే వెళ్లండి. ఉదయం టిఫిన్‌కు లావెల్లె రోడ్డులో ఎయిర్‌లైన్స్ హోటల్, పెద్ద చెట్టు కింద కూర్చుని కాఫీ తాగొచ్చు. రాత్రి ఆలస్యమైతే మాత్రం ఆ చుట్టుపక్కల పెద్దగా ఏమీ దొరకదు, రెండు అరటిపండ్లు కొని రూములో పెట్టుకోవడం మంచిది.

ఇక ఆట. శ్రీ కంఠీరవ ఇండోర్ స్టేడియానికి బాస్కెట్‌బాల్‌లో మంచి చరిత్ర ఉంది. 2017లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) మహిళల ఆసియా కప్ బెంగళూరులోనే జరిగింది, మన అమ్మాయిలు డివిజన్ బి ఫైనల్లో కజకిస్థాన్‌ను 75-73తో ఓడించి పై డివిజన్‌కు వెళ్లారు. ఆ మ్యాచ్ నేను ఫోన్లో చూశాను. అందుకే లోపలికి అడుగుపెట్టగానే ముందు రింగు వైపే చూశా, ఆ రెండు పాయింట్ల తేడా ఎక్కడ తేలిందో అని.

టీవీలో చూడటానికీ, దగ్గర కూర్చుని చూడటానికీ ఎంత తేడానో చెప్పాలి. నేను రెండోరోజు నుంచి బుట్ట వెనక వైపు కింద వరసలో కూర్చున్నా. మూడు పాయింట్ల గీత బుట్టకు 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది, టీవీలో అది దగ్గరగా కనిపిస్తుంది. అక్కడి నుంచి ఒక కుర్రాడు ఇద్దరు మీద పడుతుండగా ఎగిరి బంతి వదిలితే, అది మన వైపు వస్తున్నంతసేపూ ఊపిరి ఆగిపోతుంది. ఒక మ్యాచ్ ఆఖర్లో ఒకతను ఫ్రీ త్రో (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డుపడకుండా వేసే బంతి) వేయడానికి నిలబడ్డాడు. కుడిచేతి రెండు వేళ్లకు కలిపి తెల్ల టేపు చుట్టి ఉంది, అది చెమటకు తడిసి అంచు లేచిపోయింది. దాన్ని పళ్లతో కొరికి సరిచేసుకుని, బంతిని మూడుసార్లు నేలకు కొట్టి, ఒకసారి రింగు చూసి వేశాడు. బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగి లోపల పడింది. ఆ వెంటనే పదిహేనేళ్ల పిల్లాడొకడు తుడుపుకర్ర పట్టుకుని పరుగున వచ్చి, అతని చెమట చుక్కలు పడ్డ చోటు తుడిచి మళ్లీ పరుగెత్తాడు. అరవై మీటర్ల బౌండరీ అవతల కూర్చుని చూసే ఆటలో ఇది దొరకదు.

విదేశీ ఆటగాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల వల్ల ఆట వేగం పెరిగింది, మనవాళ్లు వాళ్లతో భుజం భుజం ఆనించి పోరాడటం చూస్తే గర్వంగా అనిపించింది. కప్పు చెన్నై హీట్ తీసుకుపోయింది. నేను కింగ్స్ మనిషినే అయినా చెప్తున్నా, వాళ్లు బంతిని ఒకరికొకరు అందించుకునే తీరు చూడముచ్చటగా ఉంది, ఎవరూ ఒంటరిగా ఆడాలని చూడలేదు.

ఇంకో మాట. స్టేడియం ఆవరణలో బయట కోర్టులు ఉన్నాయి, తప్పకుండా వెళ్లండి. ఉదయం ఆరింటికే పిల్లలు వచ్చేస్తారు, పదేళ్ల వాళ్ల నుంచి కాలేజీ వాళ్ల దాకా. ఒక తల్లి గట్టు మీద కూర్చుని కూతురి బూట్ల లేసులు కడుతూ తెలుగులో తిడుతోంది, "నీళ్ల సీసా మర్చిపోయినావు, మళ్లా కళ్లు తిరుగుతున్నాయంటే చూడు" అని. హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. వారానికి ఐదు రోజులు ఈ టైముకు పాపను తీసుకొస్తుందట. మా ఊర్లో మేం ఆడిన కోర్టు రింగుకు ఇప్పుడు వల కూడా లేదు. ఆ పాప లే అప్ (బుట్ట దగ్గరికి పరుగెత్తి ఎగిరి వేసే షాట్) వేస్తుంటే ఒక అరగంట అక్కడే నిలబడిపోయా.

చివరి రోజు రాత్రి మెజెస్టిక్ నుంచి బస్సు, మళ్లీ ఖాళీనే. బాగేపల్లి దాటేసరికి పండగ అయిపోయింది. అమ్మ రెండు బొబ్బట్లు తీసిపెట్టి ఉంచింది, ఎవరు గెలిచారని కూడా అడిగింది.

తర్వాత 2025లో అదే ఐఎన్‌బీఎల్ పెట్టిన ఇరవై ఐదేళ్లలోపు వాళ్ల లీగ్‌లో హైదరాబాద్ ఫాల్కన్స్ అని జట్టు వచ్చింది. ఆటలు ఢిల్లీలో జరిగాయి, వెళ్లలేకపోయాను, సెలవులు లేవు. మారతహళ్లి తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే, "మనోళ్లు మన ఊర్లో ఆడే రోజు చెప్పన్నా, నేనూ సెలవు పెడతా" అన్నాడు.