బ్రిటనీలో పెనం ఎదుట కూర్చుని తిన్న రోజులు

ప్యారిస్‌లో టీజీవీ అనే అతివేగ రైలెక్కితే గంటన్నరలో రెన్, పశ్చిమ ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు ముఖ్య నగరం. శనివారం అక్కడ ఉండేలా చూసుకున్నాం, లీస్ సంత జరిగేది ఆ రోజే. స్టేషను పక్కనే గది తీసుకోవడం కలిసొచ్చింది. గది చిన్నదైనా శుభ్రంగా ఉంది, పొద్దున్నే ఎటు వెళ్లాలన్నా రైలు చేతికందే దూరంలో ఉంది.

సంతలో ఒక బండి ముందు అరగంట నిలబడిపోయాను. గుండ్రటి ఇనుప పెనాన్ని అక్కడ బిలిగ్ అంటారు. బండి నడిపే ఆమె దానిమీద పిండి పోసి, రోజెల్ అనే సన్నటి చెక్కపలకతో మణికట్టు తిప్పుతూ ఒక్క చుట్టులో అంచుదాకా పరిచింది. మన దోసెలాగే అనిపించినా ఇందులో మినప్పప్పు లేదు. బక్‌వీట్ పిండి, నీళ్లు, ఉప్పు, అంతే. వాళ్లు దాన్ని నల్ల గోధుమ అంటారు కానీ అది గోధుమ జాతి కాదు. ఉత్తరాదిలో ఉపవాసాలకు వాడే కుట్టూ అదే. అంచులు కరకరలాడుతుండగా వెన్న రాసి, గుడ్డు కొట్టి, చీజ్ చల్లి, నాలుగు వైపులా మడిచి ఇచ్చింది. ఇదే గాలెట్. మామూలుగా ఇందులో పంది మాంసం ముక్క కూడా వేస్తారు. మా ఆవిడ శాకాహారి, గుడ్డు మాత్రం తింటుంది. అందుకే ఆ ముక్క వద్దన్నాం. పెనానికి పందికొవ్వు రాసే పాత అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది, శాకాహారులు ముందే అడగాలి.

సాన్ మాలోలో కోటగోడల లోపల తిన్న గాలెట్ మాత్రం బాధపెట్టింది. ముందే కాల్చి పేర్చినవాటిని వేడిచేసి పెట్టారు, తోలులా సాగింది. పెనం కనిపించని చోట కూర్చోకండి. మధ్యాహ్నం రెండు దాటితే చాలా వంటిళ్లు మూసేస్తారు, ఏడింటిదాకా ఏమీ దొరకదు.

కాంకాల్ రేవులో ఆల్చిప్పలను అక్కడికక్కడే తెరిచి నిమ్మచెక్కతో ఇస్తారు. సముద్రం ఎదుట గట్టుమీద కూర్చుని తిని, చిప్పలను కింది ఒడ్డుమీదికి విసిరేయడం అక్కడి ఆచారం. నాకు రెండు డజన్లు చాలలేదు.

చివరి రెండు రాత్రులు కెంపేర్‌లో గడిపాం. అక్కడినుంచి బస్సులో దువార్నెనే వెళ్లాం. క్విన్ అమన్ 1860 ప్రాంతంలో ఆ ఊళ్లోనే పుట్టిందంటారు. బ్రెటన్ భాషలో ఆ పేరుకు వెన్న రొట్టె అని అర్థం. రొట్టె పిండిలో ఉప్పు వెన్న, చక్కెర పెట్టి మడతలు వేసి కాలుస్తారు. అడుగున చక్కెర పాకమై గాజులా పగులుతుంది, లోపలి పొరల్లోంచి వెన్న వేళ్లమీదికి కారుతుంది. పాతరోజుల్లో ఫ్రాన్స్‌లో చాలాచోట్ల ఉన్న ఉప్పు పన్ను బ్రిటనీకి లేదు. అందుకే ఇక్కడి వెన్నకు ఉప్పు అలవాటైంది. ఆ తీపిలో తగిలే ఉప్పే నాకు ఈ ప్రాంతపు అసలు రుచి.

కెంపేర్‌లో మేమున్న ఇంటికి లిఫ్టు లేదు, ఇరుకు మెట్లమీద పెట్టెలు మోయడం కష్టమైంది. కానీ మిగిలిన క్విన్ అమన్ పొట్లం చూసిన ఇంటావిడ, మేము అడగకముందే ఓవెన్‌లో వెచ్చచేసి తెచ్చింది. పక్కన రెండు గిన్నెల్లో చల్లటి లే రిబో పెట్టింది. ఒక గుక్క తాగి మా ఆవిడ నావైపు చూసింది. అచ్చం మన చిలికిన మజ్జిగే.