పాలిటీ క్లాసు కోసమైతే చేరొచ్చు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో గ్రూప్-1 పాలిటీ (రాజ్యాంగం, పాలన సబ్జెక్టు) వింటున్నా. సగం ఫ్యాన్లు తిరగవు, వెనక బెంచీకి బోర్డు కనపడదు. కొలీజియం, అంటే జడ్జీల పేర్లు సిఫారసు చేసే సుప్రీంకోర్టు సీనియర్ జడ్జీల బృందం, దాని మీద క్లాసు మాత్రం అదిరింది. సుప్రీంకోర్టు నియామకాలకు ప్రధాన న్యాయమూర్తి (సీజేఐ)తో పాటు నలుగురు సీనియర్లు, హైకోర్టుకైతే ఇద్దరే అని 1998 నాటి సుప్రీంకోర్టు అభిప్రాయం దగ్గర మొదలుపెట్టి, 2015లో కొలీజియం బదులు తెచ్చిన జడ్జీల నియామక కమిషన్ ఎన్‌జేఏసీని 4-1 మెజారిటీతో ఎందుకు కొట్టేశారో సార్ ఓపిగ్గా విడమరిచారు. రాజ్యాంగం 222వ అధికరణ కింద వేరే హైకోర్టుకు బదిలీకి జడ్జి ఒప్పుకోనక్కర్లేదట! 2022లో జస్టిస్ అభిషేక్‌రెడ్డిని పట్నాకు పంపాలన్నప్పుడు మన తెలంగాణ హైకోర్టు లాయర్లు విధులు బహిష్కరించారుగా, ఆ మాట ఎత్తగానే నిద్రపోతున్నోళ్లు కూడా లేచి కూర్చున్నారు. నోట్సు దండగ, జిరాక్సు మీద జిరాక్సు. ఫుల్ కోర్సు వద్దు, పాలిటీ ఒక్కటే తీసుకోండి.