మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ కొనబోయే ఫ్యాక్టరీల వారికి హెచ్చరిక: పాత రికార్డులు తప్పుగా ఎక్కితే మిల్లు ఆగిపోతుంది

కడప చుట్టుపక్కల ముగ్గురాయి మిల్లులు, ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి క్రషర్లు, తాడిపత్రి, బేతంచెర్ల పాలిషింగ్ యూనిట్లు నడిపేవారిలో చాలామంది దగ్గర యంత్రాల మరమ్మతుల లెక్క ఇప్పటికీ స్టోర్సులో ఓ మూల ఉన్న పాత కంప్యూటర్‌లోనే ఉంటుంది. దాన్ని మార్చాలనుకుంటున్న వారి కోసం ఇది రాస్తున్నాను. మేము 2023 జూలైలో మార్చాం. నవంబరులో మా పెద్ద మిల్లు గేరుబాక్సు దెబ్బతింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని తెలుసుకోవడానికి మాకు మరో మూడు వారాలు పట్టింది.

మాకు అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు రాస్తే మీరు ఆ ఒక్కరినే వదిలేస్తారు, అదే నష్టం ఇంకొకరి చేతిలో జరుగుతుంది. నష్టం ఏ దారిన వచ్చిందో మీకు తెలియడం ముఖ్యం.

మాది ముగ్గురాయిని పొడి చేసే ఫ్యాక్టరీ. మంగంపేట రాయి మిల్లులో పడి మెత్తటి పిండి అవుతుంది, చమురు బావులు తవ్వేచోట బురదకు బరువు కోసం వాడతారు. నీటికంటే నాలుగు రెట్లు పైగా బరువుండే పదార్థం. ఆ పిండి ఎంత సన్నటిదంటే, ఎంత మంచి సీలు వేసినా ఏదో ఒక రోజు బేరింగులోకి దూరుతుంది. అందుకే మా పనిలో గ్రీజు ఎప్పుడు కొట్టాం, గేరుబాక్సులో నూనె ఎప్పుడు మార్చాం, ఏ బేరింగు ఎన్నాళ్లు నిలిచింది అన్న లెక్కే ప్రాణం. ఆ లెక్కను 2006లో మా పాత ఇంజనీరు గారు యాక్సెస్ 2003 అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాములో స్వయంగా తయారు చేశారు. యంత్రాలకు ఒక పట్టిక, పనులకు ఒకటి, స్పేరు పార్టులకు ఒకటి. ఆయన రిటైరైన తర్వాత కూడా పదేళ్లు అదే నడిచింది.

దాన్ని మార్చాలనుకోవడం తప్పు కాదు. విండోస్ ఎక్స్‌పీకి, ఆఫీస్ 2003కి మైక్రోసాఫ్ట్ ఒకే రోజున, 2014 ఏప్రిల్ 8న, మద్దతు ఆపేసింది. ఆ తర్వాత కూడా మేము వాటి మీదే నెట్టుకొచ్చాం. యాక్సెస్ ఫైలు 2 జీబీకి మించి పెరగదు. విరిగిన పార్టుల ఫొటోలు కూడా అందులోనే దాచడం వల్ల మాది 1.7 జీబీకి చేరింది. ఇద్దరు ఒకేసారి నమోదు చేస్తే ఫైలు పాడయ్యేది. రాత్రి షిఫ్టులో అలా పాడైతే మర్నాడు ఉదయం నేను వెళ్లి సరిచేసేదాకా ఎవరూ ఏమీ చూసుకోలేకపోయేవారు.

తప్పు జరిగింది కొనడానికి ముందు మేము వేసుకున్న ప్రణాళికలో. నాలుగు సంస్థల వాళ్లు వచ్చి కొత్త సాఫ్ట్‌వేర్ చూపించారు. ఫోనులో జాబ్ కార్డు తెరవడం, రంగురంగుల గ్రాఫులు, నూనె మార్చే తేదీ దగ్గరపడితే మోగే హెచ్చరిక. మేము అవే చూశాం, అవే పోల్చుకున్నాం. మా పాత ఫైలు తెరిచి చూస్తామని ఆ నలుగురిలో ఒక్కరూ అడగలేదు, చూడమని మేమూ చెప్పలేదు. కొటేషన్‌లో చివర ఒక వరుస ఉంది: పాత డేటా బదిలీ, ఉచితం. ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. మొత్తం పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం అదే. దానికి ధర లేదంటే దానికి మనిషిని కేటాయించలేదని, దాని బాధ్యత ఎవరిదీ కాదని అర్థం. మీ కొటేషన్‌లో ఆ మాట కనిపిస్తే సంతకం పెట్టకండి. దానికి విడిగా ధర రాయించండి, ఎవరు చేస్తారో రాయించండి, ఎలా పరీక్షిస్తారో రాయించండి.

బదిలీ అయిన రోజు వాళ్ల ప్రతినిధి నాకు రెండు అంకెలు చూపించాడు. పాత దాంట్లో 41,312 పనుల నమోదులు, కొత్త దాంట్లోనూ 41,312. "ఒక్కటి కూడా పోలేదు సార్" అన్నాడు. నాలుగైదు తెరిచి చూపించాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను సరేనన్నాను. ధర 3,60,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 4,24,800 రూపాయలు. అందులో 80 శాతం, అంటే 3,39,840, ఆ వారంలోనే చెల్లించేశాం.

ఇక గేరుబాక్సు సంగతి. దాని నూనె ఆరు నెలలకోసారి మార్చాలి. చివరిసారి మార్చింది 2023 ఫిబ్రవరి 11న. పాత ఫైలులో అది 11/02/2023 అని ఉండేది. బదిలీ చేసిన కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ముందు నెల, తర్వాత రోజు అని చదివింది. దాంతో అది నవంబరు 2 అయింది. కొత్త సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం మళ్లీ నూనె మార్చాల్సింది 2024 మే 2న. ఆగస్టులో మోగాల్సిన హెచ్చరిక మోగలేదు. వాయిదా దగ్గర పడితే అదే చెబుతుందని మేము గోడ మీద చార్టు రాయడం అప్పటికే మానేశాం. మధ్యలో కడప ఎండాకాలం మొత్తం గడిచింది. నవంబరులో విప్పినప్పుడు నూనె తారులా ఉంది, అడుగున రాతిపిండి పేరుకుని ఉంది, పినియన్ పళ్లు మూడు లేచిపోయి ఉన్నాయి. పదకొండు రోజులు మిల్లు ఆగింది.

మొదట అందరం ఫిట్టర్లనే అనుమానించాం. ఆ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. మా సీనియర్ ఫిట్టరు ఇరవై రెండేళ్లుగా ఆ మిల్లును చూసుకుంటున్నాడు. ఆయనే నా దగ్గరకు వచ్చి, "సార్, శివరాత్రికి వారం ముందు నూనె మార్చాం, నాకు బాగా గుర్తుంది. ఇందులో నవంబరు 2 అని ఉంది. జూలైలో ఎక్కించిన లెక్కలో అప్పటికి ఇంకా రాని తేదీ ఎలా ఉంటుంది?" అని అడిగాడు. ఆయన ఆ మాట అడిగాకే జూలైలో జరిగిన బదిలీని మేము తిరిగి చూశాం.

నాలుగైదు తెరిచి చూసిన రోజున నాకు ఎందుకు తెలియలేదో మీరు గమనించాలి. రోజు 12 దాటితే కంప్యూటర్ దాన్ని నెలగా చదవలేదు, అందుకని తనంతట తానే సరిగ్గా మార్చుకుంటుంది. 25/02 ఎప్పుడూ ఫిబ్రవరి 25 గానే వస్తుంది. 05/05 తారుమారైనా తేడా ఉండదు. తప్పయ్యేది నెలలో మొదటి పన్నెండు రోజుల తేదీలే. లెక్క కట్టి చూశాను: ఏడాదిలో 365 తేదీలకు 132 తేదీలు మారిపోతాయి. మిగిలిన 233 చక్కగా ఉంటాయి. అన్నీ తప్పయి ఉంటే మొదటి రోజే పట్టుకునేవాళ్లం. మూడింట ఒక వంతు మాత్రమే తప్పు కావడం వల్ల నాలుగు నెలలు నమ్మాం. ప్రతినిధి చూపించినవి నెలాఖరు పనులు. కావాలని చూపించాడని నేను అనడం లేదు, అతనికీ తెలిసి ఉండదు.

బేరింగుల సంగతి వేరు. మా బ్లోయరు ఫ్యాన్ ప్లమ్మర్ బ్లాకులో, అంటే బేరింగును పట్టి ఉంచే దిమ్మెలో, వాడేది 22220 కే రకం బేరింగు. ఆ చివరి కే అక్షరానికి అర్థం బేరింగు లోపలి రంధ్రం వాలుగా ఉంటుందని. 90 మిల్లీమీటర్ల షాఫ్టు మీద అడాప్టర్ స్లీవు అనే వాలు తొడుగు వేసి, దాని మీద బిగిస్తాం. కే లేని 22220 కూడా దొరుకుతుంది, కానీ దాని రంధ్రం తిన్నగా 100 మిల్లీమీటర్లు ఉంటుంది, వాలు ఉండే స్లీవు దాన్ని పట్టుకోదు. బదిలీ చేసినవాళ్లు పార్టు నంబరు అంటే అంకెలే అనుకుని ఆ గడిని అంకెలకే కేటాయించి, అడ్డొచ్చిన అక్షరాలను తీసేశారు. జనవరిలో బేరింగు పోయినప్పుడు స్టోర్సు వారు తెరమీద ఉన్నట్టే 22220 తెప్పించారు. రాత్రి పదిన్నరకు బ్లాకు విప్పి చేతిలోకి తీసుకుంటే అది షాఫ్టు మీద వదులుగా ఆడింది. అదే దెబ్బకు ముందు సున్నాలున్న కోడ్‌లన్నీ కూడా పోయాయి. 00417 కాస్తా 417 అయింది. మా దగ్గర 417 అనే వేరే పార్టు ఉంది.

అంకెలను, పట్టికలను ఒకచోటి నుంచి ఇంకొకచోటికి మార్చేటప్పుడు పెద్ద పెద్ద వ్యవస్థలే దెబ్బతిన్నాయి. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య శాఖ పాత ఎక్సెల్ ఫార్మాటులో కోవిడ్ ఫలితాలు ఎక్కించింది. ఆ ఫార్మాటులో 65,536 వరుసలకు మించి పట్టవు. 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకి రాకుండా ఆగిపోయాయి. మన ఊరి ఫ్యాక్టరీలో ఇలాంటిది జరగదనుకోవడానికి కారణమేమీ లేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఫిట్టర్ల రిమార్కులు పోవడం. పనుల పట్టికలో చివరి గడి అది. "ఎడమ వైపు బోల్టు మర తిరిగింది, ఈసారి పెద్దది వేయాలి" లాంటి మాటలు. పదిహేడేళ్ల అనుభవం అందులోనే ఉంది. గుమాస్తా వాటిని యూనికోడ్‌లో కాకుండా అప్పట్లో డీటీపీ వాళ్లందరూ వాడిన అను ఫాంటులో కొట్టేవాడు. అలాంటి ఫాంటులో కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంటు లేనిచోట అవి పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి. కానీ వాళ్లు అవి పాడైపోయిన అక్షరాలనుకుని ఆ గడి మొత్తం ఖాళీ చేశారు. మీ పాత రికార్డుల్లో తెలుగు ఉంటే, అది ఏ ఫాంటులో ఉందో ముందే కనుక్కోండి. ఆ ఫాంటు ఫైలును కూడా జాగ్రత్త చేయండి.

కోడ్‌ల అర్థాలు కూడా అంతే. పని స్థితి గడిలో 1 నుంచి 9 వరకు అంకెలు ఉండేవి. వాళ్లు 5 దాటినవన్నీ "ముగిసింది" అని మార్చేశారు. అనుమానం వచ్చి రిటైరైన ఇంజనీరు గారికి ఫోను చేశాను. "తొమ్మిది అంటే ముగిసిందని కాదు నాయనా, తాత్కాలికంగా కట్టిపెట్టాం, షట్‌డౌన్‌లో మళ్లీ విప్పాలి అని" అన్నారు. అలాంటివి 63 ఉన్నాయి. ఆయన ఫోను ఎత్తకపోయి ఉంటే ఆ 63 యంత్ర భాగాలు ఎక్కడివో మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మీ పాత డేటాబేస్ తయారు చేసినవారు బతికి ఉంటే, కొటేషన్లు పిలవడానికి ముందే వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చోండి. ప్రతి గడికీ అర్థం ఒక నోట్‌బుక్కులో రాయించుకోండి. నేను అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదే.

చైన్ పుల్లీల తనిఖీ తేదీలూ మారాయి. అప్పుడు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 29వ సెక్షను కింద బరువులెత్తే యంత్రాలు, గొలుసులు, తాళ్లను కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్న వ్యక్తితో పరీక్ష చేయించాల్సి ఉండేది. కాగితపు సర్టిఫికెట్లు ఉన్నాయి కాబట్టి బయటపడ్డాం.

సంస్థను అడిగితే, మీరు చూసుకుని సరేనని సంతకం పెట్టారు కదా అన్నారు. సరిచేయడానికి విడిగా లక్షా పదివేలు అడిగారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామని కడపలో న్యాయవాదిని కలిశాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపార అవసరం కోసం కొన్నవారు వినియోగదారులు కారని, ఆ దారి మనకు లేదని ఆయన చెప్పారు. మిగిలింది సివిల్ దావా. ఒప్పందంలో డేటా బదిలీ ఎలా ఉండాలో ఒక్క వాక్యమూ లేకపోతే దావాలో ఏం చూపిస్తాం? మిగతా 20 శాతం ఆపుకోవడం తప్ప మా చేతిలో ఏమీ లేకపోయింది.

కాబట్టి ఆ వాక్యాలు ఒప్పందంలో ముందే ఉండాలి. తేదీలు నెల పేరుతో బదిలీ కావాలి, 11/02 అని కాకుండా 11 ఫిబ్రవరి అని. పార్టు నంబర్లన్నీ అక్షరాలుగానే ఉండాలి. పరీక్షకు యాభై నమోదులు మీరే ఎంచుకోండి, అందులో సగం నెల మొదటి పన్నెండు రోజులవి కావాలి. కొన్ని మీ ఫిట్టర్లకు స్వయంగా గుర్తున్న పనులు కావాలి. తెరమీద చూసి సరేననకండి, పాత దాని ప్రింటు పక్కన పెట్టుకుని గడి గడీ పోల్చండి. కనీసం రెండు నెలలు పాత, కొత్త రెండిట్లోనూ నమోదు చేయండి. గుమాస్తాకు రెట్టింపు పని, విసుగు వస్తుంది. మేము మూడు రోజులకే మానేశాం, ఆ రెండు నెలలూ చేసి ఉంటే ఆగస్టులోనే తేడా కనిపించేది. కనీసం సగం సొమ్ము ఆ రెండు నెలలు గడిచాకే ఇవ్వండి. ఎప్పుడైనా వారిని వదిలేస్తే మీ డేటా మొత్తం పట్టికల రూపంలో, అదనపు రుసుము లేకుండా తిరిగి ఇవ్వాలని రాయించండి. మాకు పీడీఎఫ్‌లు ఇస్తామన్నారు, వాటితో ఏం చేయగలం?

పాత కంప్యూటర్‌ను మాత్రం పారేయకండి, ఇంటర్నెట్‌కు కలపకండి. ఫైలు మూడు కాపీలు తీసి, ఒకటి ఫ్యాక్టరీ బయట ఉంచండి. మా మేనేజరు గారు దాన్ని పాత సామానులో వేయమన్నప్పుడు స్టోర్సు అతను మాట వినకుండా బీరువా వెనక దాచాడు. ఇప్పుడు మేము మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తున్నది దాని నుంచే.

ఇప్పటికే మార్చేసినవారు ఈ రోజే ఒక పని చేయండి. బదిలీ అయిన రోజు తేదీ రాసుకోండి. పాత దాని నుంచి వచ్చిన నమోదుల్లో, ఆ తేదీ తర్వాత పూర్తయినట్టు చూపించే పనులేమైనా ఉన్నాయా వెతకండి. ఒక్కటి కనిపించినా మిల్లు గేరుబాక్సు నూనె పుల్ల తీసి చూసి, ఆ తర్వాతే వాళ్లకు ఫోను చేయండి.