స్ప్రింగ్ మార్చకుండానే తేలికైన ఎయిర్ గన్

రాజోలు దగ్గర మా కొబ్బరితోటలో పది మీటర్ల టార్గెట్ ప్రాక్టీసుకు కొన్న .177 (బారెల్ రంధ్రం .177 అంగుళం, అంటే 4.5 మి.మీ.) స్ప్రింగ్ ఎయిర్ గన్ ఇది. ఏళ్ల తరబడి వాడాక రాస్తున్నాను. గురి బాగుంది, ట్రిగ్గర్ ఫర్వాలేదు. ఇబ్బందల్లా బారెల్ వంచడమే. సెమీ ఆటోమేటిక్ తుపాకిలో తూటా పేలిన బలంతోనే తర్వాతి తూటా లోడవుతుంది. ఇందులో ప్రతిసారీ ఇరుసు దగ్గర బారెల్‌ని కిందికి వంచి, స్ప్రింగ్‌ని మన చేత్తోనే బిగించాలి. మా అమ్మాయి సగం వంచి, "నాన్నా, మిగతాది నువ్వే" అనేది.

స్ప్రింగ్‌లో ఒక చుట్టు కోయించమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేను ఒప్పుకోలేదు. తేలికవుతుంది, నిజమే. దాంతోపాటు పెల్లెట్ (ఇందులో వాడే చిన్న గుండు) వేగమూ పడిపోతుంది. పైగా కోసిన అంచు సమంగా ఆనక లోపలంతా గీసుకుపోతుంది.

మా తుపాకి మొరాయించడానికి సగం కారణం రాపిడే. అంతర్వేది వైపు నుంచి వీచే ఉప్పుగాలికి గేటు బందులే బిగుసుకుపోతాయి, ఇదెంత! బారెల్ ఇరుసు చుట్టూ ఎర్రటి తుప్పు కనిపించింది. తుడిచేసి, కారు మెకానిక్ దగ్గరుండే నల్లటి మాలిబ్డినం గ్రీజు అగ్గిపుల్ల కొనతో పూశాను. ఇరుసుకీ, బారెల్ కింద కదిలే కడ్డీ రాసుకునే చోటా, బారెల్‌ని మూసి పట్టే లాక్ మూతికీ, అంతే. గ్రీజు ఎక్కువైతే అది గాలిని నొక్కే పిస్టన్ ముందుకు చేరి, ఒత్తిడికి అంటుకుని పొగా, పెద్ద చప్పుడూ వస్తాయి, సీలు పాడవుతుంది. కొబ్బరినూనె మాత్రం వద్దండీ, మా ఇంట్లో అన్నిటికీ అదే మందైనా సరే.

రెండోది చెయ్యి పట్టే చోటు. ఇరుసుకు 30 సెం.మీ. దూరంలో పట్టుకునే చెయ్యిని 40 సెం.మీ.కి జరిపితే పెట్టాల్సిన బలం నాలుగో వంతు తగ్గుతుంది. బట్‌ని (భుజానికి ఆనించే వెనక భాగాన్ని) తొడకి ఆనించి, బారెల్ కొన మీద అరచేత్తో ఒక దెబ్బ వేసి లాక్ విడిపించి, ఆగకుండా ఒకే ఊపులో లాగాలి. పెల్లెట్ పెట్టేంతవరకూ రెండో చెయ్యి బారెల్‌ని వదలకూడదు. జారి మూసుకుందంటే వేళ్లు నలిగిపోతాయి.

ఇప్పుడు అమ్మాయి తనే వంచుకుంటోంది.

4.5 మి.మీ. బోరు (బారెల్ రంధ్రం), 20 జౌళ్ల లోపు శక్తి ఉంటే లైసెన్సు అక్కర్లేదు. కానీ రొయ్యల చెరువు మీద వాలే నీటికాకుల్ని కొట్టడానికి కొంటుంటే మానుకోండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

వానాకాలంలో గ్రీజు త్వరగా మార్చాల్సి వస్తోంది. తేమకి చెక్క బట్ కూడా కాస్త ఉబ్బుతోంది, స్క్రూలు చూసుకుంటూ ఉండాలి.