ఒలింపీడియా రివ్యూ: పోయాక్ ఇమ్రె పేజీ ఒక్కటి చదివి చూడండి

కుస్తీ ఫాలో అయ్యేవాళ్లకి బుడాపెస్ట్‌లో జరిగే ర్యాంకింగ్ టోర్నీ తెలిసే ఉంటుంది, పోయాక్ ఇమ్రె – వర్గా యానోష్ స్మారక టోర్నీ అని. 2024 జూన్‌లో మన అమన్ సెహ్రావత్ అక్కడే 57 కిలోల ఫైనల్‌దాకా వెళ్లి జపాన్ రెజ్లర్ హిగుచి చేతిలో ఓడి సిల్వర్‌తో వచ్చాడు. రెండు నెలల తర్వాత పారిస్ ఒలింపిక్స్ సెమీస్‌లోనూ అదే హిగుచి అడ్డుపడ్డాడు, అమన్‌కి బ్రాంజ్ దక్కింది. ఈ వార్తలన్నీ చదివాను గానీ, ఆ టోర్నీకి ఎవరి పేరు పెట్టారో ఆయన ఎవరో నేను చూసిన ఏ వార్తలోనూ లేదు. ఇలాంటి సందేహం వస్తే నేను ముందు తెరిచేది ఒలింపీడియానే.

ఇది ఫ్రీ సైట్. లాగిన్ అక్కర్లేదు. ఒలింపిక్స్ చరిత్ర అంటే ప్రాణం పెట్టే పరిశోధకులు కొందరు ఏళ్ల తరబడి పోగుచేసిన సమాచారమంతా ఇందులో ఉంది, అందరికీ తెరిచింది 2020లో. పైకి చూస్తే చాలా సాదా సైట్, ఆర్భాటం ఏమీ ఉండదు, కానీ ఆటగాడి పేరు కొడితే వచ్చే పేజీలో ఆయన పుట్టిన ఊరు, క్లబ్బు, చిన్న జీవిత పరిచయం, కింద ఆడిన ప్రతి ఒలింపిక్స్ ఫలితం వరసగా ఉంటాయి. హంగరీవాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, సైట్‌లో మాత్రం ఇమ్రె ముందు, పోయాక్ తర్వాత ఉంటుంది, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి.

పోయాక్ 1932లో హంగరీలోని కెచ్‌కెమేట్ అనే ఊళ్లో పుట్టాడు, 2010లో చనిపోయాడు. గ్రీకో-రోమన్ రెజ్లర్, అంటే నడుము కింద పట్టు పట్టకూడదు, కాళ్లు వాడకూడదు, అంతా చేతులూ ఛాతీ నడుము బలమే. పేజీ కిందకి దిగితే నాలుగు వరసలు కనిపిస్తాయి: 1952 హెల్సింకీ రెండో స్థానం, 1956 మెల్‌బోర్న్ రెండో స్థానం, 1960 రోమ్ మళ్లీ రెండో స్థానం, 1964 టోక్యో మొదటి స్థానం. అన్నీ ఫెదర్‌వెయిట్ అనే బరువు విభాగంలోనే. మొదటి సిల్వర్‌కి ఇరవై ఏళ్లు, గోల్డ్‌కి ముప్పై రెండు. ఆ నాలుగు వరసల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రెండో స్థానం వచ్చిన ప్రతిసారీ ఇంటికెళ్లి మళ్లీ నాలుగేళ్లు అదే బరువు కాపాడుకుంటూ ప్రాక్టీస్ చేయడం, బరువు తగ్గించుకునే బాధ తెలిసినవాళ్లకి అది ఎంత పెద్ద విషయమో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఈ సైట్ అసలు గొప్పతనం ఆ వరసల మీద నొక్కినప్పుడు తెలుస్తుంది. ఏ రౌండ్‌లో ఎవరు ఎవరితో తలపడ్డారో, ఎవరు ఎవరిని పడగొట్టారో మొత్తం పట్టిక వస్తుంది. అప్పట్లో ఇప్పటిలా క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ లేవు. ప్రత్యర్థి వీపు మ్యాట్‌కి ఆనించి గెలిస్తే సున్నా, జడ్జీల నిర్ణయంతో గెలిస్తే నెగటివ్ పాయింటు పడేది, ఓడితే ఇంకా ఎక్కువ పడేవి, లెక్క ఒక హద్దు దాటితే ఇంటికే. అంటే గెలిచే తీరు సరిగ్గా లేకపోతే గెలుపు కూడా నష్టమే. ఇది తెలిశాక పోయాక్ మూడు సిల్వర్లు చూస్తే, ‘ఫైనల్లో మూడుసార్లు తేలిపోయాడు’ అనే మాట ఎవరన్నా అంటే ఒప్పుకోలేం.

ఆయన పై మెట్టు మీద నిలబడినవాళ్ల పేజీలు కూడా తప్పకుండా చూడండి. 1952లో గోల్డ్ గెలిచిన సోవియట్ రెజ్లర్ యాకొవ్ పుంకిన్ యుద్ధంలో నాజీల చేతికి చిక్కి ఖైదీల క్యాంపుల్లో బతికి బయటపడ్డ యూదుడు. 1956లో ఫిన్లాండ్‌కి చెందిన రౌనో మాకినెన్, 1960లో టర్కీకి చెందిన ముజాహిర్ సిల్లె. 1964లో పోయాక్ వెనక సిల్వర్‌తో సరిపెట్టుకున్న రోమన్ రురువా 1968లో గోల్డ్ కొట్టాడు. ఓడినవాళ్ల కథ కూడా గెలిచినవాళ్ల కథంత శ్రద్ధగా దొరకడం నాకు ఈ సైట్‌లో అన్నిటికంటే నచ్చింది.

1956 సంగతి కాస్త చెప్పాలి. హంగరీలో లేచిన తిరుగుబాటును అణచడానికి నవంబర్ 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌ని తొక్కేశాయి, అదే నెల 22న మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ మొదలు. ఇంటి దగ్గర ఏమవుతోందో తెలియని టెన్షన్‌లో హంగరీ ఆటగాళ్లు ఆడారు, చాలామంది వెనక్కి వెళ్లనే లేదు. పోయాక్ వెళ్లాడు, 1960లో మళ్లీ హంగరీ జెర్సీలోనే దిగాడు, అదీ రోమ్ నడిబొడ్డున మాక్సెంటియస్ బసిలికా శిథిలాల మధ్య ఆరుబయట వేసిన మ్యాట్ల మీద! ఎక్కడ పోటీ జరిగిందో కూడా ఫలితాల పేజీలోనే ఉంటుంది, చాలామంది ఆ లైను చూడకుండా కిందకి వెళ్లిపోతారు.

మనవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది. హెల్సింకీ 1952 కుస్తీ పేజీ తెరిస్తే ఫ్రీస్టైల్ (కాళ్లు కూడా పట్టుకోగలిగే కుస్తీ) బాంటమ్‌వెయిట్ విభాగంలో మన కె.డి. జాదవ్ బ్రాంజ్ కనిపిస్తుంది. జాదవ్ మెడల్ గెలిచిన కొద్ది రోజులకే పోయాక్ మొదటి సిల్వర్. కుస్తీలో మనకి ఇప్పటిదాకా వచ్చిన ఒలింపిక్ మెడల్స్ అన్నీ ఫ్రీస్టైల్‌వే, గ్రీకో-రోమన్‌లో ఒక్కటి కూడా లేదు. ఆ స్టైల్ నేర్చుకుంటున్న పిల్లలకి, వాళ్ల కోచ్‌లకి ఈ పాత పట్టికలు చూపించాలని నా కోరిక.

లోటుపాట్లు లేవని కాదు. అంతా ఇంగ్లీషులోనే. బౌట్ల వీడియోలు ఉండవు. ఇది ఒలింపిక్స్ సైట్ కాబట్టి పోయాక్ 1955, 1958, 1962లో ప్రపంచ ఛాంపియన్ అయిన బౌట్ల వివరాలు ఇక్కడ దొరకవు, 1958ది సొంత దేశం జనం ముందు బుడాపెస్ట్‌లోనే గెలిచాడు కాబట్టి ఆ లోటు నాకు బాగా తెలిసింది. పట్టికలు పెద్దవి, ఫోన్ కంటే కంప్యూటర్‌లో చూస్తేనే హాయి. అయినా ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

పోయాక్ అయ్యాక హంగరీకే చెందిన ఇష్ట్వాన్ కోజ్మా పేజీకి వెళ్లండి, దాదాపు రెండు మీటర్ల మనిషి, టోక్యోలో పోయాక్‌తోపాటే హెవీవెయిట్ గోల్డ్ గెలిచాడు, 1968లో ఇంకోటి. అక్కణ్నుంచి లోరింత్స్ అన్నదమ్ములు, వాళ్లూ హంగరీ రెజ్లర్లే. అన్న తమాష్‌కి 2012 లండన్‌లో సిల్వర్, తొమ్మిదేళ్లు ఆగి టోక్యోలో 77 కిలోల్లో గోల్డ్, మర్నాడే తమ్ముడు విక్టర్‌కి 87 కిలోల్లో సిల్వర్. ఆ రెండు పట్టికలూ పక్కపక్కన తెరిచి పెట్టుకుని చదవండి.