జాగ్రత్త: స్పెక్స్‌లో గెలిచిన ట్యాబ్‌లో సినిమా మసగ్గా ఆడుతుంది

మిడ్ రేంజ్‌లో రెండు ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు మిగిలి, ఏది తీసుకోవాలో తేలక ఊగిసలాడుతున్నవాళ్లు డబ్బు కట్టేముందు కాస్త ఆగండి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే తంతు రకరకాల పేర్ల మీద నడుస్తోంది, ఒక పేరు తప్పించుకున్నా ఇంకో పేరు దగ్గర దొరికిపోతారు. ఏం జరిగిందో, ఏం చూసుకోవాలో చెప్తాను.

రెండూ 11 అంగుళాలవే. రెండింటికీ 1920×1200 స్క్రీన్, 90 హెర్ట్జ్ (అంటే స్క్రీన్ మీద బొమ్మ సెకనుకి 90 సార్లు మారుతుంది), 128 జీబీ స్టోరేజ్. మొదటిదానికి 6 జీబీ ర్యామ్. రెండోదాని పేజీలో "16 జీబీ" అని పెద్ద పెద్ద అంకెలు, ఇంకాస్త పెద్ద బ్యాటరీ, నాలుగు స్పీకర్లు, పైగా కవరూ పెన్నూ ఉచితం. ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరైనా రెండోదే అంటారు. మా తమ్ముడు మొదటిది తీసుకున్నాడు, నేను రెండోది. రెండూ ఒకే ఇంట్లో ఉండబట్టి సంగతి బయటపడింది. లేకపోతే నెట్ స్లోగా ఉందేమో అనుకుంటూ కాలం గడిపేసేవాణ్ణి.

ఒకే వైఫై, ఒకే నెట్‌ఫ్లిక్స్ అకౌంట్, ఒకే సినిమా. వాడి ట్యాబ్‌లో మనుషుల ముఖాల మీద చెమట చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. నా దాంట్లో ఏదో పాత సీడీ వేసినట్టు అంచులన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. యూట్యూబ్ పెడితే మాత్రం నాదీ అద్దంలా మెరుస్తోంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. స్క్రీన్‌లో లోపం ఉంటే యూట్యూబ్ కూడా మసగ్గానే రావాలి కదా!

అసలు సంగతి వైడ్‌వైన్. డబ్బు కట్టి చూసే వీడియోలు కాపీ కాకుండా గూగుల్ పెట్టిన తాళం అది. ఎల్1 స్థాయి ఉన్న ట్యాబ్‌లో ఆ తాళం తీయడం, వీడియో విప్పడం ప్రాసెసర్‌లోని భద్రమైన భాగంలోనే జరుగుతాయి. ఎల్3 అయితే ఆ పనంతా మామూలు సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది, కాబట్టి ఓటీటీ కంపెనీలు దాన్ని నమ్మవు. నెట్‌ఫ్లిక్స్ ఎల్3 ట్యాబ్‌కి 480పీ దగ్గరే గేటు వేసేస్తుంది. 480పీ బొమ్మలో ఉండేవి దాదాపు 4 లక్షల పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 20 లక్షల పైమాట. అంటే స్క్రీన్ ఎంత మంచిదైనా దానికి అందేది ఐదో వంతు బొమ్మే, దాన్నే సాగదీసి పరుస్తుంది. యూట్యూబ్‌లో ఉచితంగా చూసే వీడియోలకు ఈ తాళం లేదు కాబట్టి అవి బాగానే ఆడతాయి. షాపులో డెమో పీస్ మీద ఆడించే వీడియోలూ అంతే. వాటిని చూసి ఏమీ తేల్చుకోలేం.

చూడాల్సిన చోటు ఇది: నెట్‌ఫ్లిక్స్ యాప్‌లో యాప్ సెట్టింగ్స్ తెరిచి కిందికి వెళ్తే ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్ అని ఉంటుంది. వైడ్‌వైన్ ఎల్1 అని, గరిష్ఠ రిజల్యూషన్ ఫుల్ హెచ్‌డీ అని, రెండూ కనిపించాలి. ప్లే స్టోర్‌లో డీఆర్‌ఎం ఇన్ఫో అనే యాప్ ఉంది, అదీ స్థాయి చూపిస్తుంది. కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. నెట్‌ఫ్లిక్స్ తన వైపు నుంచి ఒక్కో మోడల్‌ని విడిగా ఆమోదిస్తుంది. ఎల్1 ఉండి కూడా ఆ ఆమోదం లేక ఎస్‌డీ, అంటే ఆ 480పీ నాణ్యత దగ్గరే ఆగిపోయే పరికరాలు ఉన్నాయి.

ఇక అమ్మినవాళ్లతో పడ్డ తిప్పలు. మొదట రీస్టార్ట్ చేయమన్నారు. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్. తర్వాత "వీడియో తీసి పంపండి సార్". వీడియో పంపితే, "హార్డ్‌వేర్‌లో లోపం ఏమీ కనిపించడం లేదు" అని జవాబు. నిజమే, హార్డ్‌వేర్‌లో లోపం లేదు, ఆ మోడలే అంత. గట్టిగా అడిగితే రీప్లేస్‌మెంట్ ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. కొత్తది తెరిచి చూస్తే అదీ ఎల్3నే. మోడల్ అంతా అలాంటిదైనప్పుడు పీసు మారిస్తే ఏం మారుతుంది? ఈలోగా వాపసు గడువు కరిగిపోతూ ఉంటుంది. ఆ రీప్లేస్‌మెంట్ అనే మాట వినగానే చాలామంది సంతోషిస్తారు. ఇలాంటి గొడవలో అది మీకు దక్కేది కాదు, వాళ్లకి దొరికే వ్యవధి. మొదటి ఫిర్యాదులోనే "మోడల్‌లోనే ఈ సదుపాయం లేదు, పేజీలో ఉందని రాశారు, డబ్బు వాపసు కావాలి" అని రాతపూర్వకంగా అడగండి.

చివరికి నన్ను గట్టెక్కించింది ఒక స్క్రీన్‌షాట్. పేజీ కింద ప్రశ్నల దగ్గర ఎవరో "ఓటీటీలో ఫుల్ హెచ్‌డీ వస్తుందా" అని అడిగితే, అమ్మకందారు "అవును, సపోర్ట్ చేస్తుంది" అని జవాబిచ్చాడు. కొనేముందే దాన్ని దాచుకున్నాను. గొడవ నడుస్తుండగా ఆ జవాబు పేజీలోంచి మాయమైంది. నా దగ్గర కాపీ ఉండబట్టి డబ్బు వెనక్కి వచ్చింది, లేకపోతే నా మాటకి విలువే లేదు.

"తర్వాత అప్‌డేట్‌లో ఎల్1 వస్తుంది" అని కూడా ఒకతను నచ్చజెప్పబోయాడు. అసాధ్యమని అనను. పోకో ఎఫ్1 ఫోన్ 2018లో ఎల్3తో వచ్చింది, జనం గోల చేయగా 2019లో అప్‌డేట్‌తో ఎల్1 ఇచ్చారు. వన్‌ప్లస్ 5, 5టీ వాళ్లకైతే ఎల్1 కోసం ఫోన్‌నే కంపెనీకి పంపాల్సి వచ్చింది. పెద్ద కంపెనీలు, లక్షల మంది వాడే ఫోన్లు కాబట్టి ఆ మాత్రమైనా జరిగింది. ఒక సీజన్ అమ్మేసి వదిలేసే ట్యాబ్‌కి ఎవరు చేస్తారు? రాబోయే అప్‌డేట్‌ని లెక్కలో వేసుకుని ఏ వస్తువూ కొనొద్దు.

ఇప్పుడు ఆ "16 జీబీ" సంగతి. అందులో 8 మాత్రమే అసలు ర్యామ్. మిగతా 8 వర్చువల్ ర్యామ్, అంటే స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడం. అసలు ర్యామ్ ముందు స్టోరేజ్ వేగం ఏమూలకీ రాదు. పైగా ఈ ట్యాబ్‌లో ఉన్నది ఈఎంఎంసీ 5.1 రకం స్టోరేజ్. కాగితం మీదే దాని గరిష్ఠ వేగం సెకనుకి 400 ఎంబీ. డేటాని చదవడం, రాయడం ఒకేసారి చేయడం దానికి చేతకాదు. యూఎఫ్‌ఎస్ 2 తరం స్టోరేజ్ అయితే రెండూ ఒకేసారి చేస్తుంది, వేగం కూడా రెండింతలకి మించే ఉంటుంది. మా తమ్ముడి ట్యాబ్‌లో ఉన్నది ఇదే. వాడిది 6 జీబీ ర్యామే అయినా, ప్లే స్టోర్‌లో నాలుగైదు యాప్‌లు అప్‌డేట్ అవుతుండగానే బ్రౌజర్ మామూలుగా తెరుచుకుంటుంది. నా దాంట్లో అప్‌డేట్లు మొదలైతే కీబోర్డ్ పైకి రావడానికి కూడా ఎదురుచూడాలి. స్టోరేజ్ నిండేకొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. పేజీలో "128 జీబీ" అని రాసి అది ఏ రకమో రాయలేదంటే ఈఎంఎంసీ అనే అనుకోండి. యూఎఫ్‌ఎస్ పెట్టినవాడు దాన్ని దాచుకోడు.

"ఆక్టా కోర్" అన్న మాటకీ పెద్ద అర్థం లేదు. కోర్లంటే ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు. ఎనిమిది కోర్లు దాదాపు అన్నిట్లోనూ ఉంటాయి, ఏ కోర్లు అన్నదే ప్రశ్న. ఉదాహరణకి స్నాప్‌డ్రాగన్ 680 ప్రాసెసర్‌లో బరువైన పనులు చేసే పెద్ద కోర్లు కార్టెక్స్ ఏ73 అనే డిజైన్ ఆధారంగా చేసినవి, అది 2016 నాటిది. హీలియో జీ99 ప్రాసెసర్‌లో పెద్దవి రెండే, కానీ అవి 2018 నాటి కార్టెక్స్ ఏ76 డిజైన్‌వి. సినిమాలు చూడటానికి రెండూ చాలు. పెద్ద పీడీఎఫ్‌లు తిప్పడం, రెండు యాప్‌లు పక్కపక్కన పెట్టుకోవడం లాంటివి చేసేవాళ్లకి జీ99 హాయి. 90 హెర్ట్జ్, 120 హెర్ట్జ్ అన్న అంకెల కన్నా ఇది ముందు చూడండి. ప్రాసెసర్ అన్ని ఫ్రేములు అందించలేకపోతే స్క్రీన్ ఒక్కటే పరిగెత్తి ప్రయోజనం లేదు.

ఉచిత పెన్ను గురించి రెండు మాటలు చాలు. అది చివర రబ్బరు బొడిపె ఉన్న మామూలు పుల్ల, వేలికి బదులు వాడుకోవచ్చంతే. అరచెయ్యి ఆనిస్తే గీతలు పడతాయి. "స్టైలస్ సపోర్ట్" అని రాసి, ఏ కంపెనీ పెన్ను, అరచేతి స్పర్శని వదిలేస్తుందా అన్నవి రాయకపోతే నోట్స్ రాసుకునేవాళ్లు ఆ ట్యాబ్‌ని మర్చిపోవడం మంచిది. చేతిలోకి వస్తే స్క్రీన్ మీద ఏటవాలుగా, నెమ్మదిగా ఒక గీత గీసి చూడండి. నాసిరకమైతే అది పాము నడకలా వస్తుంది.

తెలుగు చదువుకోవడానికి తీసుకునేవాళ్లకి ఇంకొకటి. ఇదే ధరల వరుసలో 10.1 అంగుళాల్లో 1280×800 స్క్రీన్ ఉన్నవీ అమ్ముతారు, పేజీలో "హెచ్‌డీ డిస్‌ప్లే" అని గొప్పగా రాసి మరీ. అంగుళానికి 149 పిక్సెళ్లే వస్తాయి. ఇంగ్లిష్ పేజీ ఎలాగో చదవచ్చుగానీ, స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకంలో వత్తులు, గుడి-గుడిదీర్ఘం తేడాలు అలుక్కుపోతాయి. 11 అంగుళాల 1920×1200లో అంగుళానికి 206 దాకా ఉంటాయి కాబట్టి ఆ బాధ లేదు. ఈ విషయంలో నా ట్యాబ్‌ని తప్పుపట్టను, అక్షరం చక్కగానే కనిపించింది. స్పీకర్లు మా తమ్ముడి దానికన్నా బాగున్నాయి, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వచ్చింది. పీడీఎఫ్‌లు, పాటలు, యూట్యూబ్ తప్ప వేరే పని లేనివాళ్లకి అది చెడ్డ ట్యాబ్ కాదు. దానిలో లేనిదాన్ని ఉందని చెప్పి అమ్మడమే నా గొడవ.

అప్‌డేట్ల దగ్గర "రెండు ఆండ్రాయిడ్ వెర్షన్లు ఇస్తాం" అన్న మాట చదివితే ఆ మోడల్ ఎప్పుడు విడుదలైందో వెంటనే చూడండి. మామూలుగా ఆ లెక్క విడుదలైన రోజు నుంచే నడుస్తుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. ఆఫర్‌లో బాగా తగ్గించి ఇస్తున్నారంటే ఆ గడువులో సగం అయిపోయిందేమో. నా ట్యాబ్ పెట్టెలోంచి తీసేసరికే సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఏడాది పాతది. సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర అది కనిపిస్తుంది, తెరిచిన రోజే చూడండి.

ఇంకో దేశం కోసం తయారైన ట్యాబ్‌లని "గ్లోబల్ వెర్షన్" అని అమ్మేవాళ్లు వేరే రకం. సాఫ్ట్‌వేర్ అమ్మకందారే మార్చి ఎక్కించి ఉంటే ఎల్1 ఎగిరిపోవచ్చు, కంపెనీ అప్‌డేట్లూ రాకపోవచ్చు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద ప్లే ప్రొటెక్ట్ ధ్రువీకరణ ఉంటుంది. అక్కడ పరికరం సర్టిఫై అయినట్టు లేకపోతే ఇంకేమీ చూడనక్కర్లేదు, అదే రోజు వెనక్కి పంపేయండి.

కొనేముందు వాపసు షరతు చదివినప్పుడు "రీప్లేస్‌మెంట్ మాత్రమే" అని ఉంటే, నా మట్టుకు నేను ఆ పేజీ మూసేస్తాను. తప్పక కొనాల్సి వస్తే, ఎల్1, స్టోరేజ్ రకం, అసలు ర్యామ్ ఎంత అన్న మూడు ప్రశ్నలు అమ్మకందారుని రాసి అడగండి, జవాబుని తేదీతో సహా దాచుకోండి. జవాబు ఇవ్వకపోతే అదే జవాబు. పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీయండి, ఆ రోజే నెట్‌ఫ్లిక్స్ పేజీ చూడండి. కవర్లూ గ్లాసులూ అతికించడం తర్వాత.

నేను వెనక్కి పంపిన ఆ మోడల్ ఇంకా అమ్ముడవుతూనే ఉంది. ఇప్పుడు పేరు చివర "ప్రో" అని తగిలించారు, ఫొటోలు మాత్రం అవే. కాబట్టి రివ్యూలు వెతికేటప్పుడు పెద్దక్షరాల పేరుతో కాకుండా, స్పెక్స్ చివర చిన్నక్షరాల్లో ఉండే మోడల్ నంబర్‌తో వెతకండి. ఆ నంబర్ పేజీలో ఎక్కడా లేకపోతే దాన్ని కూడా రాసి అడగండి.