కేక్ స్టాండ్‌కి కాలు ఏది పెట్టాలె? వైన్ గ్లాసా, ఐస్‌క్రీమ్ కప్పా, క్యాండిల్ స్టాండా?

మా చిన్నోడి బర్త్‌డేకి కేక్ స్టాండ్ కొందామని ఆన్‌లైన్ల చూస్తే ఆ రేటుకి ఇంకో కేకే వచ్చేటట్టుంది. సరే అని ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ల ఎర్రగడ్డ సండే మార్కెట్‌కి పోయి పాత ప్లేట్లు, గ్లాసులు ఏరుకొచ్చిన. ప్లేట్ కింద గ్లాసో కప్పో కాలు లెక్క గమ్ముతోని అతికిస్తే అదే స్టాండ్. ఇప్పటికి నాలుగు స్టాండ్లు చేసిన, అందుల ఒకటి ఊడింది, ఒకటి వంకర. మనమందరం ప్లేట్ చూసి మురుస్తం, పూలున్నయా, గోల్డ్ అంచుందా అని, అసలు కథంతా కింద కాలుదే.

ప్లేట్ సంగతి రెండు ముక్కల్ల చెప్త. వేలి మీద నిలబెట్టి గోరుతోని కొట్టండి, ఖంగుమంటే మంచిది, టప్పుమని చచ్చిన సౌండ్ వస్తే ఎక్కడో సన్నగా చీలింది, 20 రూపాయలకే ఇచ్చినా వద్దు. అరకిలో కేక్‌కి ఎనిమిది అంగుళాల ప్లేట్ సరిపోతది, కిలో అయితే పది. బాగా పాత రంగుల ప్లేట్లయితే ఆ పూతల సీసం ఉండొచ్చు, అందుకే బేకరీవాళ్ళు కేక్ కింద ఇచ్చే గోల్డ్ కలర్ అట్ట తీయకుండా దాంతోనే పెట్టేయండి.

ఇగ కాలు. ఫొటోల్ల అందరికంటే అందంగా ఉండేది వైన్ గ్లాసే. నేను ఫస్ట్ దాన్ని మామూలుగనే నిలబెట్టి మూతి మీద ప్లేట్ అతికించిన, అదే తప్పయింది. మూతి అంచు సన్నం, గమ్ము పట్టడానికి జాగే ఉండదు, పైగా చుట్టూ సీల్ అయిపోతది కదా, కడిగినప్పుడు ఎక్కడో చిన్న సందులకెళ్ళి నీళ్ళు పోయినయంటే లోపల మసక పట్టి కూర్చుంటది, తుడుద్దామన్నా చెయ్యి పోదు. బోర్లించి పెట్టాలె. మూతి టేబుల్ మీద, అడుగు బిళ్ళ ప్లేట్‌కి, అప్పుడు గమ్ముకి చదునైన జాగ దొరుకుతది. అట్ల చేసినా మధ్యల కాడ సన్నమే, మా ఇంట్ల లెక్క పిల్లలు టేబుల్ చుట్టూ ఉరికే ఇల్లయితే నేనైతే పెట్ట.

ఐస్‌క్రీమ్ కప్పు అంటే పాత హోటళ్ళల్ల ఫ్రూట్ సలాడ్ ఇచ్చే మందం గాజుది, పొట్టి కాలుంటది చూడండి, అది. బోర్లిస్తే మూతి వెడల్పు, బరువు కిందికి ఉంటది, కదలదు. చూడ్డానికి కొంచెం మొద్దుగ ఉంటది, ఎత్తు కూడ తక్కువే. ఇత్తడి క్యాండిల్ స్టాండ్ అయితే రాజసం, బేగంబజార్ల కొత్తవి కూడ దొరుకుతయ్, కానీ పైన కొవ్వొత్తి పెట్టే గుంత ఉంటది, ఆ గుంత అంచు మీదనే ప్లేట్ నిలబడాలె, అంటే మళ్ళ జాగ తక్కువ.

ఏది పెట్టినా ఒకటే లెక్క, టేబుల్‌కి ఆనే భాగం ప్లేట్ వెడల్పుల సగానికి తగ్గొద్దు. ఎందుకంటే కేక్ కోసేటోళ్ళు ఎప్పుడూ మధ్యల నొక్కరు, అంచు దగ్గరనే కత్తి దింపుతరు.

గమ్ము దగ్గరికొస్తే మా తమ్ముడు "అక్కా, గివన్నెందుకు, చిన్న ట్యూబ్ గమ్ము రెండు చుక్కలెయ్యి, పది సెకండ్లల్ల అంటుకుంటది" అన్నడు. అంటుకుంది. బర్త్‌డే నాడు మా బావ గారు పైనాపిల్ కేక్ మీద కత్తి నొక్కిండు, టక్ మని ప్లేట్ ఒక దిక్కు, గ్లాస్ ఒక దిక్కు. ఆ గమ్ము గట్టిగనే పడుతది కానీ పెళుసు, పక్కనుంచి ఒత్తిడి పడితే పలుగుతది, నీళ్ళు తగిలితే ఇంకా వీక్ అయితది.

అందుకే అసలు పోటీ రెండు ట్యూబులు కలిపి వాడే అరాల్డైట్ అనే ఎపాక్సీ గమ్ముకి, గాజు అతికించే సిలికాన్ గమ్ముకి. అరాల్డైట్ రెండు ట్యూబులు సమానంగ పిండి అట్టముక్క మీద బాగా కలిపి, స్పిరిట్‌తోని తుడిచిన గాజుకి రాసి రాత్రంతా కదపకుండా వదిలేస్తే రాయి లెక్క అయితది. ఎండ తగిలే జాగల పెడితే కొన్నాళ్ళకి పసుపెక్కుతది, మరుగు నీళ్ళల్ల ముంచొద్దు. సిలికాన్ పారదర్శకంగ ఉంటది, కొంచెం సాగుతది, దెబ్బకి తట్టుకుంటది. కానీ అది గాలిల తేమతోనే గట్టిపడుతది, ఆరేటప్పుడు వెనిగర్ వాసన. గ్లాస్ అడుగు బిళ్ళ మొత్తానికి పూస్తే రెండు గాజుల మధ్యల గాలి తగలక అంచులు ఆరి నడిమధ్య రోజుల తరబడి జిగటగనే ఉంటది, నా వంకర స్టాండ్ కథ అదే, పైన బాగనే ఉందని తెల్లారి కేక్ పెట్టిన, మెల్లగ జారింది. అంచు వెంబడి సన్నగ రింగు లెక్క రాయాలె.

ఇల్లు పెద్దగుండి స్టాండ్‌ని అట్లనే దాచుకునే జాగ ఉంటే ఐస్‌క్రీమ్ కప్పు, అరాల్డైట్, ఇగ ఆలోచించకండి. మాలెక్క రెండు బెడ్రూముల ఫ్లాట్, సజ్జ మీద అప్పటికే అత్తమ్మ ఇత్తడి బిందెలున్న ఇల్లయితే సిలికానే మేలు. పని అయినంక బ్లేడ్‌తోని కోసేస్తే ప్లేట్ ప్లేట్ల స్టాండ్లకి పోతది, కప్పు కప్పుల్లకి. వచ్చే ఏడు మళ్ళ అతికించొచ్చు.

అతికించేటప్పుడు కాలు సరిగ్గ మధ్యల పడిందో లేదో చూసుకోవడానికి ప్లేట్ బోర్లిస్తే అడుగున రింగు కనిపిస్తది, కప్పు దానికి నాలుగు దిక్కులా సమానంగ ఉందో లేదో స్కేల్ పెట్టి కొలవండి. ఆరినంక ప్లేట్ మీద గోలీ వేసి చూడండి. నా వంకర స్టాండ్ మీద గోలీ ఇప్పటికీ కిటికీ దిక్కు ఉరుకుతది, అందుకే ఆ స్టాండ్‌ని అత్తమ్మకిచ్చిన, దేవునర్రల అరటిపండ్లు పెడుతున్నది, ఆమెకేం వంకర కనిపిస్తలేదంట.